డిజిటల్ పాఠ్యపుస్తకాలు అద్దెకు తీసుకోవడం: టెక్సస్‌లో చేరబోయే అమ్మాయి కోసం ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మాయి ఈ ఆగస్టులో ఖమ్మం నుంచి టెక్సస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి వెళ్లి, ఇంజనీరింగ్ బ్యాచిలర్ డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరబోతోంది. కాల్క్యులస్, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఆంగ్ల రచన, అమెరికా చరిత్ర అనే ఐదు కోర్సులకు కొత్త పుస్తకాలు కొనాలంటే ఆరు వందల డాలర్లు దాటుతోందనీ, వాటినే డిజిటల్ రూపంలో 120 రోజులకు అద్దెకు తీసుకుంటే అందులో సగం కూడా కాదనీ రాశారు. ఒక్క కాల్క్యులస్ పుస్తకమే కొత్తది 210 డాలర్లు, పాతది 95 డాలర్లు, డిజిటల్ అద్దె 62 డాలర్లు అని లెక్క కూడా ఇచ్చారు. విమానం ఎక్కేలోపే అన్నిటినీ అద్దెకు తీసేసుకుంటే ఒక పని తీరిపోతుంది కదా అన్నది మీ ఆలోచన. హైదరాబాదులో బీటెక్ చదువుతున్న మీ అబ్బాయికి కూడా ఈ పద్ధతి పనికొస్తుందా అని చివర అడిగారు.

నేను పదకొండేళ్లుగా అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, కోర్సు పుస్తకాలను గంటల లెక్కన ఇచ్చే రిజర్వ్ కౌంటర్‌లో పనిచేస్తున్నాను. ప్రతి ఆగస్టులోనూ మన పిల్లలు కొత్తగా వస్తారు, ప్రతి డిసెంబరులోనూ వారిలో కొందరు పుస్తకం చేతిలో లేక ఆ కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడతారు. ఆ అనుభవంతో చెబుతున్నాను: దయచేసి ఇప్పుడే డబ్బు కట్టకండి. అద్దె చెడ్డదని కాదు. ఐదు కోర్సుల్లో ఒకటి రెండింటికి అదే సరైన దారి కావచ్చు. కానీ ఏ కోర్సుకు ఏది సరైనదో మొదటి తరగతి జరిగాకే తెలుస్తుంది.

అద్దెకు తీసుకున్నప్పుడు మనం పుస్తకాన్ని చౌకగా కొనడం లేదు, దాన్ని చదువుకునే గడువును కొంటున్నాం. ఈ తేడా ముద్రిత పుస్తకం విషయంలో అంతగా తెలియదు, ఎందుకంటే అద్దె పుస్తకం ఒక వారం ఆలస్యమైతే జరిమానా కట్టి తిరిగి ఇచ్చేస్తాం. డిజిటల్ పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. గడువు తేదీ దాటితే తెర మీద పుస్తకం తెరుచుకోదు, అంతే. రెండేళ్ల క్రితం డిసెంబరు మొదటి వారంలో వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. మీలాగే ఆలోచించి, జూలై 25న ఇంటి నుంచే ఒక పుస్తకాన్ని 120 రోజులకు అద్దెకు తీసుకున్నాడు. ఆ గడువు నవంబరు 22తో ముగిసింది. అది థాంక్స్‌గివింగ్ సెలవుల ముందు రోజులు కావడంతో పుస్తకం తెరవనే లేదు, గడువు మెయిల్ ఎక్కడో కింద పడిపోయింది. ఫైనల్ పరీక్షకు ఐదు రోజులుందనగా తెరిస్తే కొనసాగించడానికి మళ్లీ డబ్బు కట్టమని వచ్చింది. మా దగ్గర ఉన్న ఒకే ఒక్క ప్రతిని రెండు గంటలకు మించి ఇవ్వకూడదు, అప్పటికే అతనికి ముందు ఏడుగురు వరుసలో ఉన్నారు. అతను రాత్రి పదకొండు గంటలకు వచ్చి తన వంతు చదువుకుని వెళ్లడం నాకు ఇప్పటికీ గుర్తుంది. అదే 120 రోజులను ఆగస్టు 20న మొదలుపెట్టి ఉంటే డిసెంబరు 18 దాకా వచ్చేది, పరీక్షలు హాయిగా పూర్తయ్యేవి. పుస్తకం అదే, డబ్బూ అదే, తేడా అంతా మొదలుపెట్టిన రోజులోనే ఉంది.

ఇప్పుడు మీరు ఇచ్చిన కాల్క్యులస్ లెక్క చూద్దాం. 62 డాలర్లు 95 కంటే తక్కువే, 210 కంటే చాలా తక్కువ. అయితే ఇంజనీరింగ్ విద్యార్థులకు కాల్క్యులస్ ఒక్క సెమిస్టర్‌తో అయిపోయేది కాదు. చాలా విశ్వవిద్యాలయాల్లో ఒకే బృహత్ గ్రంథాన్ని వరుసగా మూడు కోర్సులకు వాడతారు. అంటే 62 డాలర్ల అద్దె మూడుసార్లు కట్టాలి, అది 186 డాలర్లు. పాత ప్రతిని 95 డాలర్లకు కొంటే మూడు సెమిస్టర్లూ దగ్గరే ఉంటుంది, ఆ తరువాత జూనియర్లకు నలభైకో యాభైకో అమ్ముకోవచ్చు. ఒక్క సెమిస్టర్‌కే వాడి అమ్మేసినా, చేతినుంచి పోయేది 45 నుంచి 55 డాలర్ల లోపే కాబట్టి అద్దె కంటే తక్కువే పడుతుంది. కాబట్టి అద్దెను కొత్త పుస్తకం ధరతో పోల్చకండి. పాత పుస్తకం కొన్న ధరలోంచి తిరిగి అమ్మితే వచ్చేది తీసేసి, మిగిలినదానితో పోల్చండి. అమ్మేవారి పేజీలో ‘ఇంత శాతం ఆదా’ అని కనిపించే అంకె సాధారణంగా కొత్త పుస్తకం ధరను బట్టే వేస్తారు.

తిరిగి అమ్ముకునే ఈ హక్కు డిజిటల్ ప్రతికి ఎందుకు లేదో కూడా తెలుసుకోవడం మంచిది. అమెరికా చట్టం ప్రకారం, చట్టబద్ధంగా తయారైన ప్రతిని కొన్నవారు దాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు. 2013లో కీర్త్‌సేంగ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, విదేశంలో ముద్రించిన ప్రతికి కూడా ఈ హక్కు వర్తిస్తుందని 6-3 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ కేసులోని విద్యార్థి థాయ్‌లాండ్ నుంచి చదువుకోవడానికి వచ్చినవాడు. అక్కడ చౌకగా దొరికే ఆసియా ఎడిషన్లను బంధువుల చేత తెప్పించుకుని అమెరికాలో అమ్మినందుకు ప్రచురణకర్తకు ఆరు లక్షల డాలర్లు చెల్లించాలని కింది కోర్టులో తీర్పు వచ్చింది, సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టలేదు. అందువల్ల హైదరాబాదు కోఠీలో దొరికే ఇండియన్ ఎడిషన్‌ను పెట్టెలో పెట్టుకుని వెళ్లడంలో చట్టపరమైన ఇబ్బంది లేదు. డిజిటల్ ప్రతి దారి వేరు. అద్దెకైనా, ‘శాశ్వతం’ అని రాసి అమ్మినా, మనకు దక్కేది చదువుకునే అనుమతి మాత్రమే. మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణాన్ని 2019లో మూసివేసినప్పుడు, కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చింది గానీ పుస్తకాలు మాత్రం వారి దగ్గర మిగలలేదు.

ఇండియన్ ఎడిషన్ల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. పాఠం దాదాపు అదే ఉన్నా, అధ్యాయం చివరి లెక్కల్లో అంకెలు గానీ వరుస గానీ మారి ఉండడం తరచూ చూశాను. ప్రొఫెసర్ ‘ఏడో అధ్యాయం, 23, 31, 42’ అని హోంవర్క్ ఇస్తే మన పుస్తకంలో 31వ లెక్క మరొకటి అయి ఉండవచ్చు. ఆ మూడు లెక్కలను లైబ్రరీ ప్రతితో సరిచూసుకునే ఓపిక ఉంటే ఇండియన్ ఎడిషన్ మంచిదే. అయితే కాల్క్యులస్ వంటి పుస్తకం రెండు కిలోలకు పైనే తూగుతుంది, విమానంలో పెట్టెకు మామూలుగా 23 కిలోలకు మించనివ్వరు.

రసాయనశాస్త్రం దగ్గరే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటారు. మొదటి సంవత్సరం గణిత, విజ్ఞానశాస్త్ర కోర్సుల్లో చాలా చోట్ల హోంవర్క్, క్విజ్‌లు కాగితం మీద ఉండవు. పియర్సన్ వారి మైల్యాబ్, మెగ్రా హిల్ వారి కనెక్ట్, సెంగేజ్ వారి వెబ్‌అసైన్ వంటి ప్రచురణకర్తల వేదికల మీదే చేయాలి. వాటిలోకి వెళ్లడానికి యాక్సెస్ కోడ్ కొనాలి, అది ఒక విద్యార్థికి ఒక్కసారే పనిచేస్తుంది, పాతది దొరకదు, స్నేహితుల దగ్గర అప్పు తీసుకోవడం కుదరదు. మార్కుల్లో కొంత భాగం ఆ హోంవర్క్‌కే ఉంటుంది కాబట్టి కొనక తప్పదు. అసలు విషయం ఏమిటంటే, ఆ కోడ్‌తో పాటు చాలాసార్లు డిజిటల్ పుస్తకం కూడా వచ్చేస్తుంది. మా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి తరగతులకు ముందే రసాయనశాస్త్రం పుస్తకాన్ని 48 డాలర్లకు అద్దెకు తీసుకుంది, రెండో వారంలో 110 డాలర్లు పెట్టి కోడ్ కొంది, లోపలికి వెళ్లి చూస్తే అదే పుస్తకం అక్కడ ఉంది. అప్పటికి అద్దె వాపసు గడువు దాటిపోయింది. ఆ 48 డాలర్లు ఆమెకు నాలుగు వారాల కూరగాయల ఖర్చు. అందుకే సిలబస్‌లో ‘తప్పనిసరి’ అని ఉన్నది పుస్తకమా, కోడా, రెండూనా అని మొదటి రోజే ప్రొఫెసర్‌ను అడగమని మీ అమ్మాయికి చెప్పండి. ఇలా అడగడం అక్కడ తప్పుగా అనుకోరు.

ఇంకొక సంగతి ఫీజు బిల్లులో చూడాలి. కొన్ని కోర్సుల డిజిటల్ పుస్తకం ఖర్చును విశ్వవిద్యాలయమే నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది. దీన్ని ఇన్‌క్లూసివ్ యాక్సెస్ అంటారు. 2016 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ నిబంధన ప్రకారం, ఇలా బిల్లులో కలిపే పుస్తకాల ధర బయటి మార్కెట్ కంటే తక్కువ ఉండాలి, వద్దనుకునే విద్యార్థికి తప్పుకునే వీలు ఇవ్వాలి. ఆ తప్పుకునే గడువు సాధారణంగా తరగతులు మొదలైన రెండు మూడు వారాల్లోనే ముగుస్తుంది. బిల్లులో ట్యూషన్, ఆరోగ్య బీమా, రకరకాల ఫీజుల మధ్య అది ఒక చిన్న వరుసగా ఉంటుంది, అందుకే చాలామంది గమనించరు. మీరు ముందే అద్దెకు తీసుకున్న పుస్తకం ఆ బిల్లులో మరోసారి ఉంటే ఒకే పుస్తకానికి రెండుసార్లు కట్టినట్టే.

భౌతికశాస్త్రం, చరిత్ర కోర్సులకు మీరు ఒక్క డాలరు కూడా ఖర్చు చేయనవసరం రాకపోవచ్చు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం ఓపెన్‌స్టాక్స్ పేరుతో 2012 నుంచి కళాశాల పాఠ్యపుస్తకాలను ఉచితంగా ఇస్తోంది. ఇంజనీరింగ్ స్థాయి భౌతికశాస్త్రం మూడు సంపుటాలుగా, కాల్క్యులస్ మూడు సంపుటాలుగా, రసాయనశాస్త్రం, అమెరికా చరిత్ర, అమెరికా ప్రభుత్వం, అన్నీ అందులో ఉన్నాయి. పీడీఎఫ్‌గా దించుకుంటే గడువు లేదు, పరికరాల పరిమితి లేదు, ఎన్ని పేజీలైనా ముద్రించుకోవచ్చు. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రతి బ్యాచిలర్ విద్యార్థీ ఆరు క్రెడిట్ల అమెరికా చరిత్ర, ఆరు క్రెడిట్ల ప్రభుత్వ శాస్త్రం చదవాలి కాబట్టి ఈ పుస్తకాలు మీ అమ్మాయికి ఒక్కసారితో అయిపోవు. పైగా ఉచిత వనరులతోనే నడిచే కోర్సులను రిజిస్ట్రేషన్ సమయంలోనే వెతుక్కునే వీలు కల్పించాలని 2017లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ఒకే కోర్సును నలుగురు ప్రొఫెసర్లు చెబుతుంటే, అందులో ఉచిత పుస్తకం వాడేవారి సెక్షన్‌ను ఎంచుకోవడం అన్నిటికన్నా పెద్ద ఆదా. ఇది ఇప్పుడు, ఇంట్లో కూర్చుని చేయగల పని.

2008 నాటి ఉన్నత విద్యా చట్టం వల్ల మీకు మరొక సాయం ఉంది. సాధ్యమైనంత వరకు ప్రతి కోర్సు పుస్తకం ఐఎస్‌బీఎన్ (పుస్తకపు ఒక్కో ఎడిషన్‌కు విడిగా ఇచ్చే గుర్తింపు) సంఖ్యనూ ధరనూ కోర్సుల పట్టికతో పాటు చూపాలన్న నియమం 2010 జూలై నుంచి అమలులో ఉంది. 2006 జనవరి నుంచి 2016 జూలై వరకు అక్కడ కళాశాల పుస్తకాల ధరలు 88 శాతం పెరిగాయని ఆ దేశ కార్మిక గణాంక శాఖ లెక్క. అంతకు ముందు నుంచే పెరుగుతూ వచ్చిన ఈ భారం మీద ఆందోళనే ఈ చట్టానికీ, అద్దె వ్యాపారానికీ, ఉచిత పుస్తకాలకూ వెనక ఉన్న కారణం. కనుక పుస్తకం పేరుతో కాకుండా 13 అంకెల ఐఎస్‌బీఎన్‌తో వెతకండి. పేరుతో వెతికితే ఎడిషన్ మారిపోతుంది, కోడ్ ఉన్నదీ లేనిదీ కలిసిపోతాయి. ముందటి ఎడిషన్ సరిపోతుందా అని ప్రొఫెసర్‌ను అడిగితే, సరిపోతుందని చెప్పేవారే ఎక్కువ. అది పది పదిహేను డాలర్లకు దొరికితే అద్దె ఆలోచనే అక్కర్లేదు.

మరి అద్దె ఎక్కడ సరైనది? మీ జాబితాలో ఆంగ్ల రచన కోర్సు పుస్తకానికి అది బాగా సరిపోతుంది. ఒక్క సెమిస్టర్‌తో దాని అవసరం తీరిపోతుంది, తరువాతి కోర్సుకు పనికిరాదు, మళ్లీ మళ్లీ తిరగేయవలసిన లెక్కలు ఉండవు, దానికి పాత ప్రతుల గిరాకీ కూడా తక్కువ. తరువాతి సంవత్సరాల్లో తన ప్రధాన విషయానికి సంబంధం లేని ఐచ్ఛిక కోర్సులు వచ్చినప్పుడు కూడా అద్దెకే వెళ్లమనండి. డిజిటల్ పుస్తకాలు అద్దెకిచ్చే వైటల్‌సోర్స్, రెడ్‌షెల్ఫ్ వంటి వేదికల్లో ఒకే పుస్తకానికి 90, 120, 180 రోజుల ధరలు పక్కపక్కనే చూపిస్తారు. కొన్నిసార్లు 120కి, 180కి మధ్య తేడా నాలుగైదు డాలర్లే ఉంటుంది, అలాంటప్పుడు 180 తీసుకోవడం మంచిది. అదే వేదిక మీద వాపసు గడువు ఎన్ని రోజులో, ఎన్ని పేజీలు తెరిచాక వాపసు ఉండదో చదివిన తరువాతే చెల్లించాలి. ఎన్ని పరికరాల్లో తెరవవచ్చో, నెట్ లేకుండా చదవవచ్చో కూడా అక్కడే ఉంటుంది. పుస్తకాల హక్కులు కొన్నిటికి దేశాలవారీగా ఉంటాయి కనుక ఈ చెల్లింపు అక్కడికి వెళ్లాక, అక్కడి చిరునామాతో చేయడం క్షేమం.

పరీక్ష విధానం కూడా అడిగి తెలుసుకోవాలి. కొందరు ప్రొఫెసర్లు పరీక్షలో పుస్తకం చూసి రాయనిస్తారు కానీ ల్యాప్‌టాప్, ఫోన్ తెరవనివ్వరు. అప్పుడు డిజిటల్ ప్రతి ఉన్నవారి చేతిలో ఏమీ ఉండదు, ముద్రించుకుందామంటే పేజీల పరిమితి అడ్డువస్తుంది. చదివి అర్థం చేసుకోవడంలోనూ తేడా ఉంది. 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. సమాచార ప్రధానమైన పాఠాన్ని, ముఖ్యంగా సమయం ఒత్తిడిలో, తెర మీద చదివినవారి కంటే కాగితం మీద చదివినవారే బాగా గ్రహించారని అందులో తేలింది. నా కౌంటర్ దగ్గర నేను చూసింది కూడా అదే. డిజిటల్ పుస్తకం ఉన్న పిల్లలు కూడా పరీక్ష వారంలో కాగితం ప్రతి కోసం వస్తారు, ఒక వేలు పాఠం మీద, మరో వేలు అధ్యాయం చివరి లెక్క మీద పెట్టి అటూ ఇటూ తిప్పుతూ చేస్తారు. అందుకే కష్టమైన విషయానికి కాగితం పుస్తకం, చదివి వదిలేసే విషయానికి డిజిటల్ అద్దె అని నేను మా పిల్లలకు కూడా చెప్పాను.

గ్రంథాలయాన్ని మరచిపోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. రిజర్వ్ కౌంటర్‌లో ప్రధాన కోర్సుల పుస్తకాలు ఉంటాయి, రెండు మూడు గంటలకు ఉచితంగా ఇస్తాం. వారానికి రెండుసార్లు వచ్చి హోంవర్క్ చేసుకునే విద్యార్థికి కొన్ని కోర్సుల్లో అసలు కొనే పనే ఉండదు. విశ్వవిద్యాలయం చందా కట్టిన ఈ-బుక్‌లు కూడా విద్యార్థి లాగిన్‌తో తెరుచుకుంటాయి, స్ప్రింగర్ అనే ప్రచురణ సంస్థ పుస్తకాల అధ్యాయాలనైతే చాలా చోట్ల పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. తాను చదివే ప్రతి కోర్సు ఐఎస్‌బీఎన్‌ను ముందు లైబ్రరీ క్యాటలాగ్‌లో వెతికి, ఆ తరువాతే దుకాణంలో వెతకమని చెప్పండి.

మీ అబ్బాయి విషయానికి వస్తే, హైదరాబాదులో ఈ లెక్క తిరగబడుతుంది. ఇండియన్ ఎడిషన్ ముద్రిత పుస్తకం వందల రూపాయల్లోనే దొరుకుతుంది, కోఠీలోనూ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీదా అందులో సగానికే పాతది దొరుకుతుంది, చదివాక మళ్లీ అక్కడే అమ్మవచ్చు. డిజిటల్ అద్దె దానితో పోటీ పడడం అరుదు. కళాశాలలో బుక్ బ్యాంక్ ఉందేమో ముందు కనుక్కోమనండి, సెమిస్టర్ మొత్తానికి పుస్తకం ఇస్తారు. ఐఐటీల అధ్యాపకులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ వీడియో పాఠాలు, ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఉచితం. ఓపెన్‌స్టాక్స్ కూడా అమెరికాలో ఉన్నవారికే కాదు, అతనికీ తెరుచుకుంటుంది.

అమ్మాయి కోసం ఇప్పుడు చేయవలసినవి మూడే పనులు. ఉచిత పుస్తకం ఉన్న సెక్షన్లు దొరుకుతాయేమో రిజిస్ట్రేషన్‌లో చూడండి, ఐదు కోర్సుల ఐఎస్‌బీఎన్‌లు ఒక కాగితం మీద రాసి పెట్టండి, పుస్తకాలకని రెండు వందల యాభై డాలర్లు విడిగా ఉంచండి. మొదటి వారం లైబ్రరీ ప్రతులతో నడిపించవచ్చు, మొదటి వారంలోనే పుస్తకం లేక మార్కులు పోయిన విద్యార్థి నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. సిలబస్‌లు చేతికి వచ్చాక, ఫైనల్ పరీక్షల తేదీలతో సహా ఇక్కడ రాయండి. ఏ కోర్సుకు ఏది తీసుకోవాలో, అద్దె అయితే ఎన్ని రోజులకు తీసుకోవాలో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను.